ఎండిన నారింజ తొక్క రంగు

అద్దకం ఇళ్లకి వానాకాలం గిట్టదు. ముంచిన బట్ట ఆరదు. ఆరేదాకా దాని అసలు రంగేమిటో ముంచినవాడికి కూడా తెలియదు. తడి రంగు మాట నమ్మకూడదని మా నాన్న ఎప్పుడూ అనేవాడు. తడిగా ఉన్నప్పుడు ప్రతి రంగూ తన గురించి తాను ఒక పిసరు ఎక్కువే చెప్పుకుంటుందట. నేను చెప్పబోయే వానాకాలంలో నాకు ముప్పై తొమ్మిదేళ్లు, ఆయనకి డెబ్బై నాలుగు. గొడవ బ్యాండుమేళం వాళ్ల బట్టతో మొదలైంది.

మా కొట్లో రంగులకి అంకెలుండవు, మనుషులుంటారు. ఒక రంగుని మొదట ఎవరు అడిగి అద్దించుకుంటే అది ఇక వాళ్లదే. దంతవైద్యుడి నీలం, పోస్టుమాస్టరు భార్య ఊదా, పరుపులవాడి గోధుమ, రెండో పెళ్లివాడి గులాబీ. ఆ దంతవైద్యుడు పోయి ఇరవై ఏళ్లయినా ఆయన నీలం ఇంకా మా కాగుల్లో ఉడుకుతూనే ఉంది. ఏ పొడి ఎంత, ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, ఎన్ని పొంగులు రావాలి, అన్నీ నాన్న బుర్రలోనే. యాభై ఏళ్లలో ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు. రాసి పెట్టుకున్నవాడే మరిచిపోతాడని ఆయన సిద్ధాంతం. మిగతా అద్దకం వాళ్లు అట్ట మీద అతికించిన ముక్కలు చూసి రంగు కలుపుతారు కాబట్టి వాళ్లని ఆయన పనివాళ్ల కింద జమకట్టేవాడే కాదు.

బ్యాండుమాస్టరు రెండేళ్లకోసారి వచ్చేవాడు. నలభై మందికి కోట్లు కుట్టించే బట్ట తెచ్చి పడేసి, నా ఎరుపు వెయ్యి మేస్త్రీ అని చెప్పి వెళ్లిపోయేవాడు. ఆ రోజు నేను రంగుపొడులు తేవడానికి టోకు అంగడికి వెళ్లాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి పెరట్లో రేకుల కింద దండేల నిండా ఆకుపచ్చ బట్ట వేలాడుతోంది. కంటి ఆసుపత్రి ఆకుపచ్చ.

మర్నాడు బ్యాండుమాస్టరు వచ్చి చూసి నవ్వాడు. మంచివాడు కాబట్టి నవ్వాడు.

"మేం వాయించడానికి వెళ్తున్నామా మేస్త్రీ, ఆపరేషన్లు చెయ్యడానికా?"

నాన్న తొణకలేదు. మీ రంగే కదా, ఎప్పుడూ వేసేదే కదా అన్నాడు. తర్వాత అతని మొహంలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు, దండెం వైపు చూశాడు. అప్పుడు ఆయన కళ్లలో బెదురు కనిపించింది. నాన్న బెదరడం నేను చూడటం అదే మొదలు.

ఆకుపచ్చ మీద ఎరుపు ఎక్కదు. నలుపొక్కటే దిక్కు. బట్టంతా నలుపులో ముంచి ఇచ్చాం. ఆ ఏడాది మేళం వాళ్లు నల్లకోట్లేసుకుని పెళ్లిళ్లలో వాయిస్తుంటే, పోయిందెవరని దారినపోయేవాళ్లు అడిగారట.

నేను గమనించింది వేరు. ఆ ఆకుపచ్చ తప్పు ఆకుపచ్చ కాదు. ఆసుపత్రి కర్టెను పక్కన పెట్టి చూస్తే ఛాయ కూడా తేడా లేదు. చెయ్యి తప్పలేదు, పేరు తప్పింది. నాన్నని చూసిన వైద్యుడు కూడా అదే అన్నాడు. ముందు పేర్లు పోతాయి, తర్వాత మనుషులు తారుమారవుతారు, చేతిపని చిట్టచివర పోతుంది. ఎంతకాలం పడుతుందని నేనడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలిసీ, లావుపాటి నోటుపుస్తకం ఒకటి తెచ్చాను. పేజీకో రంగు. నాన్న కలుపుతూ పాళ్లు చెప్పాలి, నేను రాయాలి. రెండు వేళ్ల వెడల్పు గుడ్డముక్క అందులో ముంచి, ఆరాక పేజీకి అతికించి, పైన ఆ రంగు ఎవరిదో రాయాలి. ముక్కలు కత్తిరించే పని పిన్నిది.

పిన్ని అంటే నాన్న రెండో భార్య. మా అమ్మ పోయిన మరుసటి ఏడాది మా ఇంటికి వచ్చింది. అంతకుముందు మా కొట్లోనే పగటిపూట వచ్చి ఇస్త్రీ చేసి వెళ్లేది. పెళ్లయ్యాక కూడా ఆవిడ ఇస్త్రీ బల్ల వదల్లేదు. నన్ను పెంచింది, జడలు వేసింది, బడికి పంపింది, పెళ్లి చేసి పంపింది, ఆ పెళ్లి చెడి నేను తిరిగొస్తే ఒక్క ప్రశ్న వెయ్యకుండా మేడమీద గది ఊడ్చి ఇచ్చింది. బదులుగా నేను ఆవిడకి ఇచ్చింది మర్యాద. మర్యాద ఎంత చల్లగా ఉంటుందో ఇచ్చేవాళ్లకి తెలియదు, పుచ్చుకునేవాళ్లకే తెలుస్తుంది. పిన్ని వంట బాగుంటే బాగుందనేదాన్ని. ఆరోగ్యం ఎలా ఉందని అడిగేదాన్ని. అమ్మా అని మాత్రం ఏ రోజూ పిలవలేదు. ఎందుకంటే నాకు మా అమ్మ గుర్తుంది.

అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. నాకున్నది ఒకే ఒక్క జ్ఞాపకం. నాకు జ్వరం. బయట వాన. కిటికీ పక్కన మంచం. శాలువా కప్పుకున్న ఒకావిడ నా మీదికి వంగింది. వెలుతురు వెనకనుంచి పడుతోంది కాబట్టి మొహం గుర్తులేదు. శాలువా గుర్తుంది. నారింజ తొక్కని ఎండలో పెడితే మూడో రోజుకి వచ్చే రంగు. ఆవిడ ఆ శాలువా అంచు నా గుప్పిట్లో పెట్టి, "పడుకో, నేనెక్కడికీ పోను" అంది.

తర్వాత కొద్ది రోజులకే పోయింది. అలా అని నేననుకున్నాను.

నా బతుకంతా ఆ ఒక్క మాట చుట్టూ కట్టుకున్నాను. నన్ను ప్రాణంగా చూసుకున్న మనిషి ఒకరుండేవారన్న ధీమా అందులోంచే వచ్చింది. ఎక్కడికీ పోనన్నవాళ్లు తప్పకుండా పోతారన్న అపనమ్మకమూ అందులోంచే వచ్చింది. నన్ను చేసుకున్నాయన నిజానికి మంచివాడు. పెళ్లయిన రెండో ఏడు చివర్లో, ఒక శాలువాతో పోటీ పడటం తన వల్ల కాదని చెప్పి వెళ్లిపోయాడు. చూశావా, ఇతనూ పోయాడు అనుకున్నాను. ఆ మాటలో ఆయన చెప్పింది వినిపించుకుంటే బాగుండేది.

పన్నెండేళ్లప్పుడు ఒకసారి జ్వరమొస్తే, పిన్ని మాత్ర మింగించి నుదుటి మీద తడిగుడ్డ వేసింది. మా అమ్మ అయితే శాలువా పట్టుకోనిచ్చేది, ఎక్కడికీ పోనని చెప్పేది, నీకు మాత్రలివ్వడమే వచ్చు అన్నాను. దెబ్బ తగలాలనే అన్నాను. పిన్ని నోరు తెరిచింది, మళ్లీ మూసుకుంది. గుడ్డ నీళ్లలో ముంచి పిండి మళ్లీ నుదుటి మీద వేసింది. మాట తగిలింది కాబట్టే ఊరుకుందనుకుని, ఆ జ్వరంలోనే సంతోషించాను.

నోటుపుస్తకం పని మొదలయ్యాక నాన్నకి హుషారొచ్చింది. వానకి బేరాలు లేవు, మనిషికి ఏదో ఒక పని ఉండాలి. రోజుకి మూడు నాలుగు రంగులు. పొడి తూచే చిన్న తక్కెడ ముందు కూర్చుంటే ఆయన పాత మేస్త్రీయే. చిటికెడంటే చిటికెడే పడేది. గులాబీ కలుపుతూ రెండో పెళ్లివాడి కథంతా చెప్పేవాడు. మొదటి పెళ్లికి కర్టెన్లు తెల్లవి కొన్నాడట, రెండో పెళ్లికి కొత్తవి కొనడం ఎందుకని వాటికే రంగు వేయించాడట. కథలో ఒక్క ముక్క పొల్లుపోయేది కాదు. తీరా ఇది ఎవరిదని రాయను నాన్నా అని అడిగితే, ఇంకెవరిది, పోస్టుమాస్టరు భార్యది అనేవాడు.

అప్పుడు ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి పిన్ని తల ఎత్తకుండానే సరిచేసేది. అది పరుపులవాడిది, అది పాత బడిపంతులుది, అది మీ నాన్న స్నేహితుడి తల్లిది. ఒక్కటీ తప్పలేదు. నేను అనుమానంతో పాత ఖాతాదార్లని ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూశాను కూడా. ఇన్నేళ్లూ ఆ బట్టలన్నీ మడిచి, ఎవరివి వాళ్లకి అందించింది ఆవిడే కదా. పది రోజులు తిరిగేసరికి అదొక పద్ధతై కూర్చుంది. చెయ్యి నాన్నది, పేరు పిన్నిది, రాత నాది.

అరవై పేజీలు దాటాక నాకు ఆశ పుట్టింది. ఆశ కాదు, దురాశ. ఇంతమంది రంగులున్న ఈ బుర్రలో మా అమ్మ శాలువా రంగు కూడా ఉంటుంది కదా అనిపించింది. ఆ బుర్ర మూతపడకముందే దాన్ని బయటికి తీసుకోవాలి. పిన్ని బజారుకెళ్లిన సమయం చూసుకుని అడిగాను. ఆవిడ లేనప్పుడే ఎందుకు అడిగానంటే, అది నాకూ మా అమ్మకీ మధ్య సంగతి కాబట్టి.

"ఎండిన నారింజ తొక్క రంగు నాన్నా" అన్నాను.

"మూడో రోజుదా, వారం రోజులదా?"

"మూడో రోజుది."

"నూలుదా, ఉన్నిదా?"

శాలువా అన్నాను. అయితే ఉన్ని అని, పాత కంబళి లోంచి ముక్క కత్తిరించి ఇమ్మన్నాడు. ఉన్నికి ఉప్పు కాదు, వెనిగర్ పొయ్యాలి. పసుపు తూచాడు, చిటికెడు ఎరుపు కలిపాడు, గోధుమరంగు పొడి గోటితో తీసి విదిలించాడు. ఎక్కడా ఆగలేదు, ఏదీ గుర్తు చేసుకుంటున్నట్టు లేదు. ముక్క ముంచి తీసి, పిండి, దండేనికి తగిలించాడు.

తడిలో అది ఇటుక రంగుగా కనిపించింది. తడి రంగు మాట నమ్మకూడదని చెప్పుకున్నాను. మూడు రోజులు వాన తెరిపివ్వలేదు. ఇస్త్రీ పెట్టి ఆరబెడదామని చెయ్యి లాగేది, కానీ వేడికి రంగు కంగారుపడి వేరే మాట చెబుతుందని నాన్న ఎప్పుడూ ఒప్పుకునేవాడు కాదు. రోజుకి పదిసార్లు వెళ్లి ముట్టుకుని చూసేదాన్ని. పిన్ని ఆ ముక్క చూసిందో లేదో నాకు తెలియదు. చూసినా ఏమీ అడగలేదు.

నాలుగో రోజు పొద్దున పదింటి వెలుగులో, ఉత్తరం కిటికీ దగ్గర దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అక్కడే కింద కూర్చుండిపోయాను. అదే రంగు. ఛాయ కూడా తేడా లేదు. మంచం, వాన, నా మీదికి వంగిన నీడ, అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ముప్పై తొమ్మిదేళ్ల మనిషిని, ఆ గుడ్డముక్క గుప్పిట్లో పెట్టుకుని ఏడ్చాను. సిగ్గుపడలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని పుస్తకం తెరిచాను. పేరు ఏం రాయాలో నాకు తెలుసు. ఆయన నోట వినాలని మాత్రమే అడిగాను.

"ఇది ఎవరిది నాన్నా?"

"మీ పిన్నిది."

"కాదు, అమ్మది. అమ్మ శాలువా."

"మీ అమ్మకి ఇలాంటివి గిట్టవు. మీ అమ్మది బూడిద నీలం. ఇది మీ పిన్ని వచ్చిన కొత్తలో నేనే వేసిచ్చాను. వెనిగర్ ఎక్కువై ఇల్లంతా కంపు కొట్టింది." నాన్న తనలో తాను నవ్వుకున్నాడు. "నీకు జ్వరమొచ్చి దాన్ని వదల్లేదు కదా. ఉతకడానికి కూడా ఇవ్వలేదు."

ఆయన వీధి గుమ్మం వైపు చూసి, మీ అమ్మ ఇంకా బజారు నుంచి రాలేదేమిటి అన్నాడు. ఆ పూట బజారుకెళ్లింది పిన్ని.

మునిగిపోయేవాడికి గడ్డిపోచ చాలు. నాకు ఆ మాట దొరికింది. చూశావా, ఇద్దర్నీ కలిపేస్తున్నాడు అని నాకు నేను చెప్పుకున్నాను. మేళం వాళ్లకి ఆసుపత్రి రంగు వేసిన మనిషి, చెయ్యి తప్పదు కానీ పేరు తప్పుతుంది, వైద్యుడు చెప్పనే చెప్పాడు. ఇంత చెప్పుకున్నా లోపల ఒక లెక్క సాగుతూనే ఉంది. ఒకవేళ నాన్న చెప్పిందే నిజమైతే, ఎక్కడికీ పోనన్న మనిషి నిజంగానే ఎక్కడికీ పోలేదు. ముప్పై నాలుగేళ్లుగా కింద ఇస్త్రీ పెడుతోంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి వెళ్లి ఏదో ఒక కాగు తోమేదాన్ని. ఆ రెండు రోజుల్లో కొట్లో కాగులన్నీ తళతళలాడాయి.

మూడో రోజు మధ్యాహ్నం నాన్న నిద్రపోయాక, ఇస్త్రీ బల్ల మీద పిన్ని ముందు ఆ ముక్క పెట్టాను.

"నాన్న ఇది నీ రంగంటున్నాడు" అన్నాను.

పిన్ని ఇస్త్రీ పెట్టెని నిలువుగా ఆనించింది. ముక్కని చేతిలోకి తీసుకోలేదు, చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

"మీ నాన్న ఈమధ్య అందర్నీ కలిపేస్తున్నారు కదా. అది మీ అమ్మదే. అలాగే రాయి."

పేర్ల విషయంలో పిన్ని మాటకి తిరుగులేదు. అరవై పేజీలు ఆ మాట మీదే రాశాను. పోయిందనుకున్న ప్రాణం లేచొచ్చింది. అంత సంతోషంగా పిన్నితో నేనెప్పుడూ మాట్లాడి ఉండను. పక్కనే నిలబడి, కలం మూత తీస్తూ, అప్పట్లో నువ్విక్కడే పనిచేసేదానివిగా, ఆ జ్వరం నీకు గుర్తుందా అని కబుర్లలోకి దిగాను.

పిన్ని మళ్లీ ఇస్త్రీ అందుకుంది. నా సంతోషం చూసి ఆవిడ కూడా కొంచెం తేలికపడిందనుకుంటాను. అందుకే జారింది.

"గుర్తులేకేం. రాత్రిళ్లు కూడా గుప్పిట విప్పేదానివి కాదు. వేళ్లు తిమ్మిరెక్కుతాయని ఒక్కొక్కటే విప్పబోతే కొరికావు."

ఆ మాట అన్నాక ఆవిడ చెయ్యి ఆగింది. పగలు వచ్చి ఇస్త్రీ చేసి, చీకటి పడేలోపు తన ఇంటికి వెళ్లిపోయే మనిషికి మా ఇంట్లో రాత్రిళ్ల సంగతి తెలిసే దారి లేదు.

"ఎవర్ని కొరికాను?" అన్నాను.

"మీ నాన్న చెప్పారులే."

"నాన్న చెప్పలేదు. ఎవర్ని కొరికాను పిన్నీ?"

ఆవిడ చేతిలో ఉన్న దిండు గలీబుని సగానికి మడిచింది, మళ్లీ సగానికి మడిచింది.

"నన్నే" అంది.

ఆ తర్వాత నేనన్నవన్నీ రాయను. దొంగ అన్నాను, ఇన్నేళ్లు నన్ను వెర్రిదాన్ని చేసి ఆడించావన్నాను. తల్లిపోయిన పిల్లనని చూపించిన జాలి ఇదేనా అన్నాను. పొంతన లేని మాటలు. ఆవిడ నిలబడి అన్నీ విన్నది. నేను అలిసిపోయాక, నీకు పన్నెండేళ్లప్పుడు జ్వరంలో ఒక మాట అన్నావు, దాంతో తెలిసింది నాకు, నువ్వు ఆ మనిషిని మీ అమ్మని చేసుకున్నావని అంది. అన్నేళ్లూ పెట్టె అడుగున ఉండిపోయిన శాలువా నీ కంటపడితే ఎక్కడ తెలిసిపోతుందోనని ఆ వారమే మీ నాన్న చేత దానికి నలుపు వేయించానంది. పిన్ని నల్ల శాలువా అప్పట్నుంచీ నేను చూస్తూ పెరిగిందే. చలికాలమంతా ఆవిడ ఒంటి మీదే ఉండేది.

"అప్పుడే చెప్పి ఉండచ్చు కదా" అన్నాను.

"చెబుదామనే నోరు తెరిచాను. చెబితే నీకేం మిగులుతుంది?" అంది. "నాకు నువ్వున్నావు. నీకు అదొక్కటే ఉంది."

ఇలాంటి మాట విన్నవాళ్లు కాళ్ల మీద పడాలి, కనీసం కావలించుకోవాలి. నేను మేడ ఎక్కి తలుపు వేసుకున్నాను. కృతజ్ఞత రావాలి కానీ రాలేదు. నా దగ్గరున్న అమ్మ పోయింది. నాలుగేళ్లప్పుడు పోయినప్పుడు నాకు తెలియలేదు, ఇప్పుడు తెలిసి పోయింది. ఇంకోపక్క, ఏ మనిషి కోసం ముప్పై నాలుగేళ్లు బెంగపెట్టుకున్నానో ఆ మనిషి మీదే అన్నేళ్లూ విసుక్కున్నాను. ఈ రెండింటిలో దేనికి ఏడవాలో తేలక దేనికీ ఏడవలేదు. నారింజ తొక్క రంగు పేజీ మీద పిన్ని అని రాయడానికి నాకు వారం పట్టింది. ఆ వారమంతా మేమిద్దరం వంటింట్లో ఒకరికొకరు తప్పుకుని తిరిగాం.

నాకు ఇంకో దారి మిగిలి ఉంది. బూడిద నీలం. అమ్మ అసలు రంగు అదైతే, దాన్ని చూస్తే ఏదో ఒకటి గుర్తు రాకుండా పోదు. ఒక చెయ్యి, ఒక మూల, ఒక మాట, ఏదైనా చాలు. నాన్నని అడిగాను. నేనెవరో ఆయనకి ఆ పూట తెలియలేదు. కొట్లోకి వచ్చినవాళ్లతో మాట్లాడే గొంతుతో, "కూర్చోండమ్మా, ఏ రంగు కావాలి?" అన్నాడు. మీ మొదటి భార్య కట్టుకునే రంగు అన్నాను. ఆయన తల ఊపి తక్కెడ ముందుకి లాక్కున్నాడు. ఆవిడ ఎలా ఉండేదండీ అని కూడా అడిగాను. ఆయన చేతులు ఆగకుండా నీలం తూచాయి, నలుపు విదిలించాయి.

మళ్లీ మూడు రోజుల వాన. నాలుగో రోజు పదింటికి అదే కిటికీ దగ్గర ఆ ముక్క పట్టుకుని నిలబడ్డాను. మంచి రంగు. మాసినా కనిపించదు. అంతకుమించి ఏమీ లేదు. కళ్లు మూసుకుని తెరిచి చూశాను. చెంపకి ఆనించుకున్నాను. మధ్యాహ్నం తిని వచ్చి మళ్లీ చూశాను. అది ఎవరి రంగైనా కావచ్చు. నా లోపల దానికి ఎక్కడా చోటు లేదు.

అప్పుడు భయం వేసింది. నాన్న బుర్రలో పేర్లు అయిపోయాయి. మా అమ్మని చూసినవాళ్లు, నాతో మాట్లాడగలిగినవాళ్లు, ఈ ఇంట్లో ఇక ఒక్కరే ఉన్నారు. ఆవిడ అమ్మ బతికుండగా రెండేళ్లు ఈ కొట్లోనే పనిచేసింది. అయినా నేను ఏనాడూ అడగలేదు. నాకు గుర్తుందిగా, ఇంకొకర్ని అడగడం దేనికి అన్న పొగరు.

కిందికి వెళ్లాను. పిన్ని ఇస్త్రీ చేస్తోంది. బూడిద నీలం ముక్క బల్ల మీద పెట్టి, ఇది ఎవరిది అన్నాను. మీ అమ్మదే అంది. నిజంగానా, మళ్లీ నాకోసమా అన్నాను. నిజంగానే అంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నాకోసం ఒకసారి అంత అలవోకగా అబద్ధమాడిన మనిషి ఇంకోసారి ఆడదని ఏముంది? రేపు నేను అమ్మ గురించి అడిగితే బంగారు బొమ్మని చేసి చేతిలో పెడుతుంది. ఆ బొమ్మతో ఇంకో ముప్పై ఏళ్లు ఆడుకోవాలి కాబోలు.

"మా అమ్మ ఎలా ఉండేది?" అన్నాను.

పిన్ని ప్లగ్గు తీసేసింది. చేతులు తుడుచుకుంది. చెప్పనా మాననా అన్నట్టు ఒకసారి నా మొహంలోకి చూసింది.

"మీ అమ్మకి నేనంటే అస్సలు పడేది కాదు" అంది. "నేను మడిచిపెట్టిన ప్రతి బట్టా విప్పి చూసేది. ముడత దొరికేదాకా చూసేది. ఒకరోజు బేరానికి వచ్చినవాళ్ల ముందే నా మొహాన కొట్టింది, టేబుల్ గుడ్డ. నన్ను పనిలోంచి తీసెయ్యమని మీ నాన్నతో రోజూ పోరు. అబ్బో, ఆ నోరు." నా వైపు చూసింది. "అచ్చు నీ నోరే."

అబద్ధమాడదలుచుకున్న మనిషి అక్కడ మొదలుపెట్టదు.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. నా బతుకులో మొదటిసారి మా అమ్మ నాకు కనిపించింది. మంచం పక్కన కాదు, నా మీదికి వంగి కాదు. బూడిద నీలం బట్టల్లో, నా వైపు వీపు తిప్పి, ఈ బల్ల దగ్గరే నిలబడి, మడత విప్పి వంక కోసం వెతుకుతోంది. అది పిన్ని జ్ఞాపకం, నాది కాదు. అయినా పుచ్చుకున్నాను.